ఎంబసీలోకి వెళ్లడం ఒక ఎత్తు, అక్కడి నుంచి బయటపడటం ఇంకో ఎత్తు

అమ్మా, తర్వాత చదివేవాళ్లకు అర్థం కావాలి కాబట్టి రాజాం నుంచి మీరు అడిగినది ముందు క్లుప్తంగా చెబుతాను. మీ తమ్ముడు పనిచేస్తున్న దేశంలో ఒకే పార్టీ, ఒకే నాయకుడు. ఎన్నికలు పేరుకే. తమ్ముడు అద్దెకుంటున్న ఇంటి యజమాని పాత్రికేయుడు. ప్రభుత్వాన్ని తప్పుపడుతూ రాసినందుకు ఆయన తోటివాళ్లను ఇప్పటికే పట్టుకెళ్లారు, ఇప్పుడు ఈయన కోసం తిరుగుతున్నారు. "ఏదైనా ఎంబసీలోకి వెళ్లిపోతే పోలీసులు ముట్టుకోలేరంటారు కదా, నిజమేనా? మన ఇండియా ఎంబసీ తీసుకుంటుందా? మా తమ్ముడు సాయం చేస్తే వాడి మీదకు వస్తుందా?" ఇవీ మీ ప్రశ్నలు.

నేను విశాఖలో చాలా ఏళ్లు అంతర్జాతీయ న్యాయం పాఠం చెప్పి, రిటైరయ్యాక శ్రీకాకుళంలో ఉంటున్నాను. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు నుంచి విదేశాలకు వెళ్లే పిల్లల కాగితాలు చూసిపెట్టడం ఇప్పటికీ నా పనే. అందుకే మీ టెన్షన్ నాకు తెలుసు.

సూటిగా చెప్పాలంటే ఇదీ సంగతి. ఎంబసీ గేటు లోపలికి స్థానిక పోలీసులు రాకూడదన్నది నిజం. కానీ వచ్చినవాణ్ని ఎంబసీ తప్పకుండా ఉంచుకోవాలని ఏ చట్టమూ చెప్పడం లేదు. ఉంచుకున్నా సరే, ఆ మనిషి దేశం దాటాలంటే తరుముతున్న ప్రభుత్వమే దారి వదలాలి. జనం లోపలికి వెళ్లడం గురించే ఆలోచిస్తారు. ప్రాణాలు పోయినవాళ్లలో చాలామందికి అసలు కష్టం బయటికి వచ్చేటప్పుడే మొదలైంది.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. ఎంబసీ ఉన్న స్థలం ఆ విదేశానిది అని మన పోటీ పరీక్షల పుస్తకాల్లో కూడా రాసేస్తుంటారు. అది తప్పు. అద్దెకున్నవాడి గదిలోకి యజమాని చెప్పాపెట్టకుండా రాకూడదు, అలాగని ఆ గది అద్దెకున్నవాడి సొంతం అయిపోదు. ఇదీ అంతే. 1961 నాటి వియన్నా దౌత్య సంబంధాల ఒప్పందం 22వ అధికరణం ప్రకారం రాయబారి అనుమతి లేకుండా స్థానిక అధికారులు ఆ ఆవరణలో కాలు పెట్టకూడదు. 30వ అధికరణం అదే రక్షణ రాయబారి నివాసానికీ ఇచ్చింది. ఎంబసీ వాహనాన్ని సోదా చేయకూడదు. కానీ అదే ఒప్పందంలో 41వ అధికరణం ఉంది: దౌత్యవేత్తలు ఆ దేశపు అంతర్గత వ్యవహారాల్లో తల దూర్చకూడదు, ఎంబసీని దౌత్య పనులకు పొసగని విధంగా వాడకూడదు. ఒకరికి ఆశ్రయం ఇవ్వవచ్చని ఆ ఒప్పందంలో ఎక్కడా నేరుగా రాసి లేదు. కాబట్టి అక్కడ తలదాచుకున్నవాణ్ని కాపాడేది ఆయనకున్న హక్కు కాదు, పోలీసులకు ఉన్న అడ్డంకి మాత్రమే.

శరణార్థుల చట్టం వాడొచ్చు కదా అంటారు. 1951 శరణార్థుల ఒప్పందం తన సొంత దేశం బయట ఉన్నవాడికే వర్తిస్తుంది. సొంత రాజధానిలో, పరాయి ఎంబసీ గదిలో కూర్చున్నవాడు చట్టం దృష్టిలో ఇంకా దేశం లోపలే ఉన్నాడు. మీ తమ్ముడి ఇంటి యజమాని విషయంలో మీరు బాగా గుర్తుంచుకోవాల్సింది ఇదే. సరిహద్దు దాటగలిగే వీలు ఏ మాత్రం ఉన్నా, ఎంబసీ కన్నా సరిహద్దే మేలు. దాటాక ఆయన చేతికి ఒక చట్టం వస్తుంది.

ఎంబసీ ఆశ్రయానికి రాతపూర్వకమైన ఒప్పందాలు ఉన్నది లాటిన్ అమెరికాలోనే. అక్కడ సైన్యం గద్దెనెక్కడం, నిన్నటి మంత్రి ఇవాళ పారిపోవడం పదేపదే జరిగేవి. ఈరోజు తరిమినవాడికి రేపు అదే అవసరం పడవచ్చు కాబట్టి అందరూ ఒక పద్ధతికి ఒప్పుకున్నారు. అయినా ఆ పద్ధతి కూడా కోర్టుకెక్కింది. 1948లో పెరూలో తిరుగుబాటు ఒకటి విఫలమైంది, కొద్ది రోజులకే జనరల్ ఒద్రియా అధికారం లాక్కున్నాడు. ప్రతిపక్ష నాయకుడు హాయా దె లా తోర్రె 1949 జనవరి 3న లీమాలోని కొలంబియా ఎంబసీలోకి వెళ్లాడు. ఇతను రాజకీయ నేరస్థుడు, దారి ఇవ్వండి అని కొలంబియా అడిగింది. కాదు, మామూలు నేరస్థుడు అంది పెరూ. 1950 నవంబర్‌లో అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు చెప్పింది: నేరం రాజకీయమా కాదా అని ఆశ్రయం ఇచ్చిన దేశం ఒక్కటే తేల్చేస్తే కుదరదు, తిరుగుబాటు అయిన మూడు నెలలకు వచ్చినవాడికి తక్షణ ప్రమాదం ఉందనడమూ చెల్లదు. సరే, అప్పగించాలా మరి? 1951 జూన్‌లో రెండో తీర్పు వచ్చింది: ఆశ్రయం ఆపాలి, కానీ మనిషిని అప్పగించాల్సిన పని లేదు. ఎలా ఆపాలో మీరూ మీరూ తేల్చుకోండి అని కోర్టు వదిలేసింది. ఆయన 1954 దాకా ఆ భవనంలోనే ఉండిపోయాడు.

ఆ అనుభవం తర్వాతే 1954లో కారకాస్ ఒప్పందం వచ్చింది. నేరం ఎలాంటిదో ఆశ్రయం ఇచ్చే దేశమే నిర్ణయిస్తుందని అందులో స్పష్టంగా రాసుకున్నారు. దేశం దాటించే పత్రం, అదే సేఫ్ కండక్ట్, అడిగితే ఇవ్వాలని రాశారు. అదే ఒప్పందం రెండో అధికరణంలో ఇంకో మాటా ఉంది: ఆశ్రయం ఇవ్వడం దేశపు హక్కే గాని బాధ్యత కాదు, ఎందుకు ఇవ్వలేదో చెప్పనక్కర్లేదు. అన్నిటికన్నా ఉదారమైన ఒప్పందంలోనే సంగతి ఇలా ఉంది. దాన్ని ప్రపంచమంతటికీ తేవాలని 1974లో ఆస్ట్రేలియా ఐక్యరాజ్యసమితిలో చర్చ లేవదీసింది. ఎక్కువ దేశాలు ముందుకు రాలేదు.

ఇక హంగరీ సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే సేఫ్ కండక్ట్ అనగానే నాకు గుర్తొచ్చేది అదే. 1956 నవంబర్ 4న సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి దిగాయి. ప్రధాని ఇమ్రె నాజ్ తన సహచరులతో, వాళ్ల కుటుంబాలతో యుగోస్లావియా ఎంబసీలో చేరాడు. కొత్తగా గద్దెనెక్కిన కాదార్ ప్రభుత్వం, వీళ్లను ఏమీ చేయం, ఇళ్లకు వెళ్లిపోవచ్చు అని యుగోస్లావియాకు రాతపూర్వకంగా మాట ఇచ్చింది. నవంబర్ 22న వాళ్లను తీసుకెళ్లడానికి బస్సు వచ్చింది. నమ్మకం కోసం యుగోస్లావియా అధికారులు కూడా ఎక్కారు. దారిలో సోవియట్ సైనికాధికారులు ఆ అధికారులను దించేసి, మిగిలినవాళ్లను పట్టుకెళ్లారు. అక్కడి నుంచి రుమేనియాకు తరలించారు. 1958 జూన్ 16న నాజ్‌ను ఉరి తీశారు.

ఎక్కడ తప్పిందో చూడండి. ఆ పత్రం వాళ్లను ఇంటికి పంపింది, దేశం దాటించలేదు. నియంత చేతిలోనే ఉన్న ఊళ్లో, నియంత పోలీసులే కాపలా ఉండే ఇంటికి వెళ్లమని ఇచ్చిన హామీకి విలువేముంటుంది? సేఫ్ కండక్ట్ అంటే ఎంబసీ గేటు నుంచి విమానం మెట్ల దాకా, ఆ విమానం ఇంకో దేశంలో దిగేదాకా అని అర్థం. అంతకన్నా తక్కువ ఇస్తామంటే లోపలే ఉండటం మంచిది. అదే రోజుల్లో, అదే ఊళ్లో హంగరీ కాథలిక్ మతపెద్ద కార్డినల్ మిండ్‌సెంటీ అమెరికా ఎంబసీలో చేరి, 1971 సెప్టెంబర్ దాకా బయటికి రాలేదు. పదిహేనేళ్లు ఆ గోడల మధ్యే గడిచిపోయాయి, కానీ ప్రాణంతో వియన్నా చేరాడు.

1973 చిలీ ఇంకో రకం. సెప్టెంబర్ 11న పినోచే సైన్యం అధ్యక్షుడు అయెందేను కూలదోసింది. జనం శాంటియాగోలో ఎంబసీల గోడలు దూకారు. అయెందే భార్య ఓర్టెన్సియా బుస్సీని మెక్సికో తన ఎంబసీ ద్వారా కొద్ది రోజుల్లోనే దేశం దాటించింది. స్వీడన్ రాయబారి హరాల్డ్ ఎడెల్‌స్టామ్ చేసింది నేను ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవాణ్ని. స్వీడన్ కారకాస్ ఒప్పందంలో లేదు. ఆయన చేతిలో ఏ కాగితమూ లేదు. సైన్యం కాల్పులు జరుపుతున్న క్యూబా ఎంబసీకి తానే వెళ్లి నిలబడ్డాడు, క్యూబన్లు వెళ్లిపోయాక ఆ భవనం మీద స్వీడన్ జెండా ఎగరేసి, అందులో తలదాచుకున్నవాళ్లను కాపాడాడు. జాతీయ స్టేడియంలో బంధించిన ఉరుగ్వే దేశస్థులను విడిపించాడు. డిసెంబర్‌లో ప్రభుత్వం ఆయన్ను దేశం వదిలి పొమ్మంది. అలాంటి రాయబారి దొరికితే చట్టం లేని చోట కూడా ప్రాణం దక్కుతుంది. దొరకకపోతే చట్టం ఉన్నా గేటు తెరుచుకోదు. నేను ఇన్నేళ్లు చదివి నమ్మింది ఇదే.

గేటు దాటినా పోలీసులు వెంటపడిన సందర్భాలు ఉన్నాయి, అవీ మీకు తెలియాలి. 2002 మే 8న చైనాలోని షెన్యాంగ్‌లో ఉత్తర కొరియా కుటుంబం ఒకటి జపాన్ కాన్సులేట్‌లోకి పరుగెత్తింది. చైనా పోలీసులు లోపలికి వచ్చి పట్టుకుపోయారు. గేటు దగ్గర ఆడవాళ్లను, పసిపిల్లను లాగుతున్న వీడియో ప్రపంచమంతా చూసింది. గోల పెద్దదయ్యాక వాళ్లను ఫిలిప్పీన్స్ మీదుగా దక్షిణ కొరియాకు వెళ్లనిచ్చారు. కాన్సులేట్‌కు ఉండే రక్షణ ఎంబసీ కన్నా తక్కువని ఇక్కడ గమనించండి. 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందం ఆఫీసు పనికి మాత్రమే వాడే భాగానికే రక్షణ ఇచ్చింది. ఎంబసీకి పూర్తి రక్షణ ఉన్నా, 2024 ఏప్రిల్ 5 రాత్రి ఈక్వడార్ పోలీసులు కీటోలోని మెక్సికో ఎంబసీ గోడ దూకి, మాజీ ఉపాధ్యక్షుడు హోర్హె గ్లాస్‌ను లాక్కెళ్లారు. ఆయన అవినీతి కేసుల్లో శిక్ష పడినవాడు, అందువల్ల ఆశ్రయం ఇవ్వడం సరైనదా కాదా అని వాదించవచ్చు. గోడ దూకడాన్ని మాత్రం ఈక్వడార్ తప్ప దాదాపు ఎవరూ సమర్థించలేదు. మెక్సికో వెంటనే సంబంధాలు తెంచుకుంది.

గోడ దూకకుండా లోపల ఉన్నవాళ్లను విసిగించి బయటికి రప్పించడం ఇప్పుడు ఎక్కువ. వెనిజులా ప్రతిపక్ష నాయకురాలు మరియా కొరీనా మచాడో సహాయకులు ఆరుగురు 2024 మార్చిలో కారకాస్‌లోని అర్జెంటీనా ఎంబసీలో చేరారు. జూలై ఎన్నికల తర్వాత అర్జెంటీనా దౌత్యవేత్తలను పంపించేశారు, భవనం బాధ్యత బ్రెజిల్ తీసుకుంది. చుట్టూ సాయుధ పోలీసులు. కరెంటు కోసేశారు, నీళ్లకూ ఇబ్బంది పెట్టారు. ఒకాయన మధ్యలో బయటికి వచ్చేశాడు, మిగిలిన ఐదుగురు 2025 మే దాకా అలాగే ఉన్నారు. 1954 ఆశ్రయ ఒప్పందం పుట్టిన ఊరు ఈ కారకాసే. అదే ఎన్నికల్లో పోటీ చేసిన ఎద్ముందో గొన్సాలెస్ మాత్రం ముందు నెదర్లాండ్స్, తర్వాత స్పెయిన్ ఎంబసీల్లో తలదాచుకుని, సెప్టెంబర్‌లో స్పెయిన్ వెళ్లిపోయాడు. పేరున్న మనిషిని పంపించేస్తేనే ఆ ప్రభుత్వానికి లాభం. సహాయకుల విషయంలో అలాంటి తొందరేమీ లేదు. మీ పాత్రికేయుడు ఈ రెండు రకాల్లో దేనికి దగ్గరో ఆలోచించండి.

ఇప్పుడు మన ఎంబసీ. ఇండియా కారకాస్ ఒప్పందంలో లేదు, 1951 శరణార్థుల ఒప్పందంలోనూ చేరలేదు. మన గడ్డ మీద పరాయి ఎంబసీలు ఆశ్రయం ఇవ్వడాన్ని ఢిల్లీ ఎప్పుడూ ఇష్టపడలేదు. 1967 మార్చిలో స్టాలిన్ కూతురు స్వెత్లానా ఢిల్లీలో అమెరికా ఎంబసీలోకి నడిచి వెళితే, అమెరికావాళ్లు అదే రాత్రి రోమ్ విమానం ఎక్కించేశారు. మాస్కోతో మనకు అది పెద్ద ఇబ్బంది అయింది. కానీ మనం మాత్రం ఆ పని అసలు చేయలేదని అనుకోకండి. 1950 నవంబర్ 6న నేపాల్ రాజు త్రిభువన్, వంశపారంపర్యంగా ప్రధానులై దేశాన్ని ఏలుతున్న రాణాల పెత్తనం నుంచి తప్పించుకోవడానికి, కుటుంబంతో సహా ఖాట్మండులోని మన ఎంబసీలోకి వచ్చేశాడు. రాణాలు వెంటనే రాజభవనంలో మిగిలిపోయిన మూడేళ్ల మనవడు జ్ఞానేంద్రను గద్దె మీద కూర్చోబెట్టారు. ఢిల్లీ ఆ పట్టాభిషేకాన్ని గుర్తించలేదు. రాజును విమానంలో తీసుకొచ్చింది, రాణాలతో రాజీ కుదిరాక 1951 ఫిబ్రవరిలో ఆయన తిరిగి వెళ్లాడు. మాల్దీవుల మాజీ అధ్యక్షుడు మహమ్మద్ నషీద్ కూడా 2013 ఫిబ్రవరి 13న అరెస్టు వారెంటు వచ్చాక మాలేలోని మన హైకమిషన్‌లో చేరాడు. పది రోజులకు, మాటలు కుదిరాయన్న నమ్మకంతో బయటికి వచ్చాడు. మార్చి మొదట్లోనే అరెస్టయ్యాడు.

ఈ రెండింటి నుంచి తేలేది ఏమిటంటే, మన ఎంబసీ ఆశ్రయం ఇచ్చిందంటే పొరుగు దేశంలో, పెద్ద నాయకుడికి, ఢిల్లీకి రాజకీయంగా అవసరం ఉన్నప్పుడు ఇచ్చింది. పేరు తెలియని ఒక పాత్రికేయుడు గేటు ముందుకు వస్తే తీసుకుంటారని నేను మీకు ఆశ పెట్టలేను. ఇది మారాలని నా కోరిక. తరిమితే వచ్చినవాణ్ని దగ్గర పెట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. 1794లో పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యం చేతిలో పోయాక, పసివాడైన కొడుకు నారాయణబాబును కొండ జమీందార్లు తమ దగ్గర దాచుకున్నారు. కంపెనీ ఏం చేస్తుందో వాళ్లకు తెలియక కాదు. చివరికి కంపెనీయే రాజీపడి జమీందారీలో కొంత భాగం తిరిగి ఇచ్చింది. దలైలామాకు 1959లో చోటిచ్చిన దేశం మనది. ఎవరిని, ఏ పరిస్థితిలో తీసుకుంటామో ఒక చట్టం రాసుకుంటే, గేటు దగ్గరున్న అధికారి ఢిల్లీ ఫోన్ కోసం చూస్తూ నిలబడే పని ఉండదు.

ఆశ్రయం ఇచ్చిన ప్రతిసారీ లోపలున్నది మంచివాడే అనుకోకూడదన్న మాటా చెప్పాలి. ఇథియోపియాలో వేలమందిని చంపిన దెర్గ్ ప్రభుత్వపు పెద్దలు కొందరు 1991లో అది కూలగానే అడిస్ అబాబాలోని ఇటలీ ఎంబసీలో దూరారు. వాళ్లలో ఇద్దరు 2020 దాకా అక్కడే ఉన్నారు. మరణశిక్ష వేసే దేశానికి అప్పగించం అన్నది ఇటలీ వాదన. చచ్చిపోయినవాళ్ల ఇంట్లోవాళ్లకు ఆ వాదన ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు, అయినా ఉరికి అప్పగించకపోవడమే సరైనదని నా అభిప్రాయం.

ఇక మీ ఇంటి సంగతి. మీ తమ్ముడు భారతీయుడు కాబట్టి అతనికి మన ఎంబసీ చేయాల్సిన సాయం ఆశ్రయం కిందకు రాదు, కాన్సులర్ సాయం అంటారు. అరెస్టయితే ఎంబసీకి తెలియజేయమని అడిగే హక్కు 1963 ఒప్పందం 36వ అధికరణం ఇచ్చింది. ఎంబసీవాళ్లు వచ్చి కలవొచ్చు, వకీలును చూడొచ్చు. 2018 చివర్లో వేరావల్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరారంటే ఆ దారి పనిచేయబట్టే. ఏడాదికి పైగా పట్టింది, అదీ గుర్తుంచుకోండి. తమ్ముడి వివరాలు మన ఎంబసీలో నమోదు చేయించండి, విదేశాంగ శాఖ ఫిర్యాదుల కోసం నడిపే మదద్ పోర్టల్, విదేశాల్లోని తెలుగువాళ్ల కోసం మన రాష్ట్రం పెట్టిన ఏపీఎన్ఆర్టీ హెల్ప్‌లైన్ నంబర్లు మీ దగ్గర పెట్టుకోండి.

ఆయన్ను కారులో ఎక్కించుకుని ఎంబసీ దగ్గర దింపే పని మాత్రం మీ తమ్ముడు పెట్టుకోకూడదు. ఎంబసీ చుట్టూ కాపలా ఉండేది స్థానిక పోలీసులే, గేటుకు వంద గజాల ముందే ఆపేస్తారు. తప్పించిన నేరం విదేశీయుడి మీద పెట్టడం వాళ్లకు చాలా తేలిక, అప్పుడు మన ఎంబసీ కూడా ఏమీ అనలేదు. అతను చేయగలిగే సాయం వేరే ఉంది. ఆ యజమాని పత్రికల్లో రాసిన వ్యాసాలు, వచ్చిన నోటీసులు, బెదిరింపులు ఇవన్నీ దేశం బయట ఎవరో నమ్మకస్తుల దగ్గర ఉండాలి. రేపు ఏ దేశంలో ఆశ్రయం అడిగినా ముందు అడిగేవి అవే. అయితే వాటిని మీ తమ్ముడి ఫోన్‌లోంచి పంపొద్దు. ఆ యజమాని తన పాత్రికేయ మిత్రుల ద్వారా పంపుకోవాలి. కొన్ని దేశాలు ఇలాంటివాళ్లకు మానవతా వీసాలు ఇస్తాయి, ఎంబసీ లోపల కూర్చోకుండానే బయటపడే దారి అది. అడిగేది కూడా పత్రికా స్వేచ్ఛ సంఘాల ద్వారా అడిగితే పేరు తొందరగా పైకి వెళుతుంది.

ఒకవేళ అన్ని దారులూ మూసుకుపోయి ఎంబసీయే గతి అయితే, కాన్సులేట్ కాకుండా రాజధానిలోని ఎంబసీ చూసుకోవాలి. ఆ ప్రభుత్వానికి భయపడని, అప్పు కోసమో ఆయిల్ కోసమో దాని మీద ఆధారపడని దేశమై ఉండాలి. ముందే లోపల ఎవరితోనైనా మాట అయి ఉండాలి. పగటి పూట వీసా పని మీద వచ్చిన మనిషిలా, చేతిలో కాగితాలతో వెళ్లాలి. లోపలికి వెళ్లాక, ఇంటికి వెళ్లిపోవచ్చన్న హామీ ఎంత పెద్దవాడు ఇచ్చినా ఒప్పుకోకూడదు.

ఇంకొక్క మాట. మీరు ఇక్కడ దేశం పేరు గాని, మనుషుల పేర్లు గాని రాయలేదు, అలాగే ఉంచండి. తమ్ముడితో వాట్సాప్‌లో ఈ సంగతులు మాట్లాడొద్దు, ఈ జవాబు లింకు కూడా పంపొద్దు. అతను సెలవు మీద వచ్చినప్పుడు ఎదురుగా చెప్పండి. సెలవు ఆలస్యమైతే, ఈలోగా ఆ ఇల్లు ఖాళీ చేసి కంపెనీ క్వార్టర్స్‌లోకో ఇంకో గదిలోకో మారమనండి. ఆ యజమానికి పిల్లలుంటే, వాళ్ల పాస్‌పోర్టులు ఇంకా చెల్లుతున్నాయా, విమానాశ్రయంలో ఇంకా ఆపడం లేదా అన్నది ఆయన ఈ వారమే చూసుకోవాలి. ఇలాంటి ప్రభుత్వాలు చాలాసార్లు ముందు మనిషిని ఆపుతాయి, కుటుంబం పేర్లు జాబితాలోకి ఎక్కడానికి కొంత సమయం పడుతుంది. ఆ సమయంలోనే వాళ్లు బయలుదేరాలి.